ఫొటోలున్నాయి సరే, పేర్లు రాశారా?

ఇంట్లో ఫొటోలు ఎలా దాచుకుంటున్నారు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు అని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నా ఫోన్‌లో 28 వేల ఫొటోలున్నాయి. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగు. బాబు చిన్నప్పటి ఆల్బమ్ ఒకటుంది, పాపది ఒక్క ప్రింటు కూడా లేదు. ప్రతి జనవరిలో ఈసారి మొత్తం సర్దేయాలని కూర్చుంటాను, రెండు రోజులకే విసుగొచ్చి వదిలేస్తాను. స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ ఒకటే గోల. ఏడాదంతా నడిచే పద్ధతి ఏదైనా చెప్పండి. (కరీంనగర్)

జవాబు: మొత్తం ఒకేసారి సర్దాలనుకోవడం దగ్గరే చిక్కు వస్తోంది. ఒక్కో ఫొటోని మూడు సెకన్లు చూసినా 28 వేలకి ఏకబిగిన 23 గంటలు పడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎవరికీ అంత ఖాళీ దొరకదు, అందులో మీ తప్పేమీ లేదు.

ఇలా చేసి చూడండి. ఫోన్‌లోని ఫొటోల యాప్‌లో వెతికే చోట ఇవాళ్టి తేదీ, నెల కొట్టండి, సంవత్సరం వద్దు. చాలా యాప్‌లలో అన్ని సంవత్సరాల్లోనూ అదే తేదీన తీసినవన్నీ వస్తాయి. మీ లెక్కన రోజుకి సగటున 77. అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, స్క్రీన్ షాట్లు, గ్యాస్ బిల్లులు, ఒకే భంగిమలో పన్నెండుసార్లు తీసినవి తీసేస్తే పది మిగులుతాయేమో. పాప ట్యూషన్ బయట కూర్చున్నప్పుడో, కుక్కర్ కూతలు లెక్కపెడుతున్నప్పుడో అయిపోతుంది. ఒకరోజు తప్పినా కంగారు లేదు, ఆ తేదీ వచ్చే ఏడాది మళ్ళీ వస్తుంది. మరో లాభం కూడా ఉంది. 2019లో ఇదే రోజున బాబు మొదటిసారి సైకిలెక్కాడని ఆ పది నిమిషాల్లో మీకు కనిపిస్తుంది, సాయంత్రం వాడికి చూపిస్తారు, దాంతో ఇది పనిలా అనిపించదు.

ఇక ఏడాది సంగతి. మనకి పండగల క్యాలెండర్ ఉండగా వేరే టైమ్ టేబుల్ ఎందుకు చెప్పండి. జనవరిలో సర్దే పని పెట్టుకోకండి, అది తీసే నెల. సంక్రాంతికి అందరూ ఒక్క చోట చేరతారు కాబట్టి ఏటా ఒకే చోట, ఇంటి అరుగు మీదో ముగ్గు ముందో, అందరూ ఉన్న గ్రూప్ ఫొటో ఒక్కటి తీయండి. పిల్లలకి భోగిపళ్ళు పోసేటప్పుడు పోస్తున్న పెద్దల మొహాలు కూడా పడేలా తీయండి, మనం ఎప్పుడూ పిల్లల మీదే ఫోకస్ పెట్టి తాతయ్యల చేతులు మాత్రమే మిగుల్చుకుంటున్నాం. ఇంకో సంగతి, ఇంట్లో ఫొటోలు తీసేది మీరే అయితే మీ పిల్లల ఆల్బమ్‌లో మీరు ఉండరు. నెలకి ఒక్కసారైనా ఫోన్ మీ వారి చేతికో బాబు చేతికో ఇచ్చి మీరు నిలబడండి. జుట్టు సరిగా లేదు, చీర బాగాలేదు అని వాయిదా వేయకండి. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళు చీరని చూడరు.

లెక్క మూసేది ఉగాదికి. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా వచ్చిన వాటిలో వంద ఎంచుకోండి, కచ్చితంగా వందే. వంద అనేసరికి ఏది ముఖ్యమో మనకే తెలిసిపోతుంది. వాటిని 4×6 సైజులో, స్టూడియోల్లో మ్యాక్సీ అంటారు, ప్రింటు వేయించి జేబుల ఆల్బమ్‌లో పెట్టండి. పాపకి నాలుగేళ్ళ బాకీ ఉంది కదా, ముందు ఈ ఏడాది వంద వేయించి, వెనకటి సంవత్సరాలని ఏడాదికి ఒకటి చొప్పున తర్వాత పూర్తి చేయండి. వెనక నుంచి మొదలుపెట్టినవాళ్ళు ఇప్పటికి చేరడం నేనెక్కడా చూడలేదు.

ఎండాకాలం పాత ఆల్బమ్‌లది. పిల్లలతో అమ్మమ్మగారింటికి వెళ్తారు, మధ్యాహ్నం ఎండకి ఎవరూ గడప దాటరు. ఆ రెండు మూడు గంటలు పాత ఫొటోలు దించి పెద్దవాళ్ళ చేత పేర్లు చెప్పించండి. ఆవకాయ పెట్టేటప్పుడు వీడియో తీయండి, జాడీ మాత్రమే కాదు, మాటలు వినపడాలి. సోలెడు, గిద్దెడు అని మీ అమ్మ చెప్పే కొలతలు ఆమె నోటితోనే రికార్డయితే, ఆ గిద్ద గ్రాముల్లో ఎంతో మీరు తర్వాత తూచి రాసుకోవచ్చు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఒకే గుమ్మం పక్కన ఏటా ఒక ఫొటో, పొడుగు తెలుస్తుంది. శ్రావణంలో ఏమీ పెట్టుకోకండి, వ్రతాలకే సరిపోతుంది. బతుకమ్మకి మీ వైపు ఫొటోలు తీయకుండా ఎలాగూ ఉండరు, ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు మీ అత్తయ్య పాడే పాటలు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా రికార్డు చేయండి, ముక్కలు ముక్కలుగా వద్దు. బొమ్మల కొలువు పెట్టే అలవాటుంటే ఒక్కో బొమ్మనీ విడిగా తీసి ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో రాయండి. ఆయుధపూజ నాడు ఇంట్లో ఉన్న హార్డ్ డిస్క్‌కి కూడా బొట్టు పెట్టి, కంప్యూటర్‌కి తగిలించి తెరుచుకుంటోందో లేదో చూడండి, ఆ ఏడాది ఫొటోలు అందులో కాపీ చేయండి. ఏడాదికి ఒక్కసారైనా తగిలించి చూడని డిస్క్‌ని నమ్మకూడదు.

ఏ ఫొటో అయినా మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఫోన్‌లో ఒకటి, డిస్క్‌లో ఒకటి, మూడోది వేరే ఊళ్ళో తమ్ముడి దగ్గర ఇంకో డిస్క్‌లోనో, క్లౌడ్‌లోనో. గూగుల్ ఫొటోస్‌లో ఒకప్పుడు కాస్త కుదించిన ఫొటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకోగలిగేవాళ్ళం, 2021 జూన్ 1 నుంచి అది పోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీ. మీ ఫోన్ గోల బహుశా దాని గురించే. డబ్బు కట్టి పెంచుకోవడం తప్పేమీ కాదు, కానీ ముందు చెత్త తీసేశాక కట్టండి. పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో పడేసి నిశ్చింతగా ఉండకండి, అది అటూ ఇటూ మోయడానికి చేసింది, ఏళ్ళ తరబడి దాచడానికి కాదు. ఫోన్ పాడైపోయి మా ఇంట్లో రెండేళ్ళ ఫొటోలు పోయాయి, మా మేనకోడలి అన్నప్రాశనతో సహా. ఆ రెండేళ్ళు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

ప్రశ్న: పెళ్ళికి వెళ్ళిన చుట్టాలందరూ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ప్రింటు వేయిస్తే మసకగా వచ్చాయి. ఎందుకు? (నెల్లూరు)

జవాబు: మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని బాగా కుదించేస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా పోతుంది. ఫోన్‌లో చూసుకోవడానికి అది చాలు. కానీ 4×6 ప్రింటు చక్కగా రావాలంటే సుమారు 1200×1800 పిక్సెల్స్ ఉండాలి, ఇంకా పెద్ద సైజుకి అంతకంతకూ ఎక్కువ కావాలి. అసలు ఫొటో కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. హెచ్‌డీ అని ఇంకో వీలుంది, కొంత మెరుగు, అయినా అది అసలుది కాదు. ఇంకా తేలికది, ఒక షేర్డ్ ఆల్బమ్ తెరిచి లింకు గ్రూపులో పెడితే ఎవరివి వాళ్ళు అందులో వేస్తారు. ఇది పెళ్ళి జరిగిన వారంలోపు అడగాలి. నెల దాటితే సగం మంది స్టోరేజ్ కోసం తీసేసి ఉంటారు.

ప్రశ్న: మా అత్తగారి దగ్గర 1970లు, 80ల నాటి ఆల్బమ్‌లు నాలుగున్నాయి. రెండు నల్ల అట్టల మీద మూలలు అంటించినవి. రెండు జిగురు పేజీలవి, పైన ప్లాస్టిక్ పొర. జిగురు పేజీల్లో ఫొటోలు పసుపెక్కుతున్నాయి, తీయబోతే రావట్లేదు. ఇన్నాళ్ళూ అటక మీద ఉన్నాయి. ఏం చేయాలి? (నరసరావుపేట)

జవాబు: అటక మీంచి దించినందుకు ముందు సంతోషం. పల్నాడు ఎండల్లో స్లాబు కింద అటక ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫొటోలకి వేడి, చెమ్మ, జిగురు మూడూ పడవు. ఇకనుంచి పడకగదిలో బీరువా నడిమి అరలో పెట్టండి, బాత్‌రూమ్ గోడకో వాన కొట్టే బయటి గోడకో ఆనించిన బీరువా అయితే వద్దు. పురుగు పడుతుందని చాలామంది కలరా ఉండలు వేస్తారు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కీ ఫొటోకీ మంచిది కాదు. సిలికా జెల్ సంచులు వేసి, ఏడాదికి రెండుసార్లు తెరిచి గాలి తగలనివ్వండి.

నల్ల అట్టలవి అలాగే ఉండనివ్వండి, వాటికి ఇప్పట్లో ఢోకా లేదు. జిగురు పేజీలవే తొందరగా చూడాల్సినవి. తీయడానికి ముందే పేజీ పేజీకీ ఫొటో తీసుకోండి, చిరిగినా ఒక కాపీ మిగలాలి. తర్వాత మందుల షాపులో డెంటల్ ఫ్లాస్ దొరుకుతుంది, ఆ దారాన్ని ఫొటో మూల కిందికి దూర్చి రెండు చేతులతో రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగుతూ ముందుకి పోవాలి. ఫొటోని వంచొద్దు, పేజీనే వంచండి. నీళ్ళు చల్లడం, ఇస్త్రీ పెట్టె వేడి చూపించడం అస్సలు వద్దు. రానని మొండికేసిన ఫొటోని వదిలేసి, దాని చుట్టూ పేజీని కత్తిరించి అలాగే దాచండి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలకీ ఇదే మాట, లాగితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది, అద్దంతో సహా స్కాన్ చేయించడమే మేలు.

స్కానర్ ఉంటే 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన పెట్టండి. లేకపోతే ఫోన్ చాలు. వరండాలో నీడపట్టున, ఎండ నేరుగా పడని వెలుతురులో, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని ఫొటోకి సరిగ్గా పైన పట్టుకుని తీయండి. గూగుల్ వాళ్ళ ఫొటోస్కాన్ యాప్ మెరుపు పడకుండా నాలుగైదు కోణాల్లో తీసి కలుపుతుంది. నెగెటివ్‌లు దొరికితే దయచేసి పారేయకండి, ప్రింటు వెలిసినా నెగెటివ్ బాగుండొచ్చు. నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు, ఆయన గాజు పలకల నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. మీ నెగెటివ్‌లని బటర్ పేపర్ కవర్లలో, ఒకదానికొకటి రాసుకోకుండా పెట్టండి.

ఇదంతా రేపు చేసినా పరవాలేదు. ఇవాళే చేయాల్సింది ఒకటుంది. మీ అత్తగారి పక్కన కూర్చుని పేర్లు రాయండి. మా నాయనమ్మగారింటి ఫొటో ఒకటుంది, పదకొండు మంది, ఏదో పెళ్ళి పందిట్లో తీసింది. ఏడుగురి పేర్లు మాకు తెలుసు. మిగతా నలుగురెవరో చెప్పగలిగిన చివరి మనిషి మా పెద్దత్తయ్య, ఆవిడ పోయేదాకా మాకు అడగాలని తట్టలేదు. ఆ నలుగురిలో ఒకావిడకి అచ్చం మా చెల్లెలి పోలికే, చుబుకం మీద గుంట కూడా. ఎవరో తెలియదు. మేమెంత అడిగినా ఇక చెప్పేవాళ్ళు లేరు.

రాసేటప్పుడు "చిన్నాన్న", "పెద్దమ్మ" అని మాత్రమే రాయకండి. మీ అత్తగారికి చిన్నాన్న అంటే మీ పిల్లలకి ఎవరవుతారో పదేళ్ళ తర్వాత ఎవరూ తేల్చలేరు. ఇంటిపేరుతో సహా పేరు, ఆడవాళ్ళకైతే పుట్టింటి ఇంటిపేరు కూడా, ఊరు, ఎవరికి ఏమవుతారో ఒక మనిషిని పట్టుకుని చెప్పండి, ఉదాహరణకి "అత్తగారి తండ్రిగారి రెండో తమ్ముడు" అని. సంవత్సరం తెలియకపోతే "పెద్దబావగారు పుట్టకముందు", "దివిసీమ ఉప్పెన తర్వాత" అని వాళ్ళు ఎలా చెబితే అలా రాయండి. ఉప్పెన 1977 నవంబర్‌లో కాబట్టి ఆ ఒక్క మాటతోనే కాలం తెలిసిపోతుంది. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకండి, అచ్చు ముందుకి పడుతుంది. మెత్తని పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. నున్నటి కాగితం మీద పెన్సిల్ పడకపోతే విడి చీటీ మీద రాసి ఫొటోతో పాటు కవర్లో పెట్టండి.

ప్రశ్న: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చింది. కింది అరలో ఉన్న మా అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్, మా చిన్నప్పటి ఫొటోలు నాలుగు రోజులు నీళ్ళలో నానాయి. తర్వాత ఎండబెడితే ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పారేయడానికి చేతులు రావట్లేదు. వీటిని విడదీయొచ్చా? (విజయవాడ, సింగ్‌నగర్)

జవాబు: పారేయకండి. అన్నీ దక్కుతాయని చెప్పలేను, కొన్ని దక్కుతాయి.

పైన కనిపిస్తున్న ఫొటోలన్నిటికీ ముందు స్కాన్ తీయండి, ఇక మీదట ఏం జరిగినా అది మిగులుతుంది. తర్వాత కట్టలో అంతగా ముఖ్యం కానిది, రెండు మూడు కాపీలున్నది ఎంచుకుని దాని మీద ప్రయోగం చేయండి. పాతకాలం స్టూడియో ఫొటోలు కడిగేదే నీళ్ళలో, అందుకే వాటిని మళ్ళీ తడపడం చాలాసార్లు కుదురుతుంది. వెడల్పాటి పళ్ళెంలో శుభ్రమైన చల్లటి నీళ్ళు పోసి కట్టని అందులో ఉంచండి, పావుగంట తర్వాత మూల దగ్గర వదులైందేమో చూడండి, కాకపోతే ఇంకాసేపు. వేలితో బలవంతం చేయకండి. బొమ్మ ఉన్న వైపు తడిగా ఉన్నప్పుడు జిగటగా ఉంటుంది, ముట్టుకుంటే ఊడొస్తుంది, కాబట్టి అంచులే పట్టుకోండి. రంగు కరుగుతున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపేయండి. విడివడినవి బొమ్మ పైకి ఉండేలా తెల్ల గుడ్డ మీద పరిచి నీడలో ఆరనివ్వండి. ఎండలో వద్దు, వార్తాపత్రిక మీద అసలే వద్దు, సిరా అంటుకుంటుంది. ఇంటి ప్రింటర్లో ఇంకుతో వేసినవి, అట్టకి అతికించి చేసే కరిజ్మా ఆల్బమ్ పేజీలు మాత్రం నీళ్ళలో వేయకండి.

పెళ్ళి ఫొటోలకి ఇంకో దారి ఉంది. మీ అమ్మానాన్నల పెళ్ళికి వచ్చిన ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఫొటోలుంటాయి, మేనమామల దగ్గర, పిన్నుల దగ్గర, తోడిపెళ్ళికూతురి దగ్గర. దసరాకో కార్తీక వనభోజనాలకో అందరూ కలిసే రోజు చూసుకుని "మా ఆల్బమ్ వరదలో పోయింది, మీ దగ్గరున్నవి తెండి" అని ఫోన్ చేసి అడగండి. గ్రూపులో మెసేజ్ పెడితే చూసి వదిలేస్తారు, ఫోన్ చేస్తే బీరువాలు వెతుకుతారు.

మిగతా పాఠకులకీ ఒక మాట. ఎప్పుడైనా ఫొటోలు తడిస్తే అతుక్కున్నవాటిని ఆరనివ్వకండి, నష్టం ఎక్కువగా జరిగేది ఆరేటప్పుడే. తడిగా ఉన్నప్పుడే మంచినీళ్ళలో కడిగి విడదీయాలి, రెండు రోజుల్లోపు. అంత తీరిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు కాబట్టి కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పెడితే ఆగుతాయి, కరెంటు ఉంటే. చుట్టాలింట్లో ఫ్రిజ్ అయినా సరే. ఏరువాక పున్నమి వచ్చేసరికి ఆల్బమ్‌లు కింది అర నుంచి పైకి ఎక్కించారా అని ప్రతి ఇంట్లో ఒకసారి చూసుకోవాలి.

ప్రశ్న: మేం పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. మా నాయనమ్మకి 86, సూర్యాపేట దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. ఆమె కతలు, పాటలు రికార్డు చేసి పెట్టుకోవాలని ఉంది. "చెప్పు నాయనమ్మా" అంటే "నాదేముంది బిడ్డా చెప్పనీకె" అంటది. మా పిల్లలకి తెలుగు చదవడం రాదు. ఎలా మొదలుపెట్టాలి? (డల్లాస్)

జవాబు: నీ కథ చెప్పు అంటే ఎవరికైనా ఏం చెప్పాలో తోచదు. ఒక ఫొటో చూపించి చిన్న ప్రశ్న అడగండి. ఈ చీర ఎక్కడ కొన్నరు? ఈ బర్రె పేరేంది? ఆ వెనక కనబడే ఇల్లు ఎవరిది? మాట ఒకటి మొదలైతే నాయనమ్మే పది చెబుతుంది. దిగుడుబావి, పెళ్ళినాటి ఎడ్లబండ్లు, కరువు కాలంలో ఏం తిన్నారు, ఇవి అడిగి చూడండి. నిజాం పాలన పోయి 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాష్ట్రం దేశంలో కలిసేనాటికి ఆవిడ చిన్నపిల్ల. తను చూసింది గుర్తు లేకపోయినా వాళ్ళమ్మ చెప్పిన మాటలు గుర్తుంటాయి, మీ వైపు పల్లెల్లో ఆ రోజుల గురించి చెప్పుకోని ఇల్లుండదు.

ఎండాకాలంలో మీకు రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ పొద్దున ఏడు. నాయనమ్మ చాయ్ తాగి అరుగు మీద కూర్చునే వేళ. వారానికి ఒకరోజు, ఇరవై నిమిషాలు, అంతే. వీడియో కాల్‌లో గొంతు తెగి తెగి వస్తుంది కాబట్టి కాల్ మాట్లాడుతుండగా అక్కడున్న మీ తమ్ముడినో వదిననో ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కి నాయనమ్మ పక్కన, మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టమనండి. ఫ్యాన్ ఆపితే చాలా తేడా ఉంటుంది. రికార్డు మొదట్లో తేదీ, ఎవరు మాట్లాడుతున్నారో నోటితో చెప్పండి, ఫైలు పేరు ఎవరైనా మార్చేసినా లోపల మాట ఉంటుంది. ఫైలు పేర్లు మాత్రం సంవత్సరం, నెల, తేదీ వరసలో పెట్టండి, వాటంతటవే క్రమంలో నిలబడతాయి.

రాతలోకి ఎక్కించేటప్పుడు "చెప్పనీకె"ని "చెప్పడానికి" చేయకండి. ఆమె భాష ఆమెది. పిల్లల కోసం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయొచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ ముందు వాళ్ళని వినిపించుకోనివ్వండి, ఆ పాటల్లో ఒక్కటైనా మీ పాపకి నోటికొస్తే వచ్చే ఎండాకాలం ఊరికి వెళ్ళినప్పుడు నాయనమ్మ ముందు పాడుతుంది. అది కూడా రికార్డు చేయండి.

ప్రశ్న: మా పెళ్ళి 1996లో. వీడియో క్యాసెట్లు రెండున్నాయి. వీసీఆర్ లేదు. ఇప్పుడు మార్పించాలా, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఆగొద్దు. వీసీఆర్‌లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఇక ఉన్నవి పాత మిషన్లే, అవి రిపేరు చేసేవాళ్ళూ తగ్గిపోతున్నారు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లగా బూజులాంటిది కనిపిస్తోందా? గోదావరి పక్కన ఊళ్ళలో చెమ్మకి ఇది మామూలే. ఉంటే ఎవరింట్లోనో ఉన్న వీసీఆర్‌లో వేసి చూడకండి, రీలు చుట్టుకుపోతుంది, మిషన్‌కీ బూజు అంటుతుంది. శుభ్రం చేసి మార్చేవాళ్ళకే ఇవ్వండి. డీవీడీ మీద వద్దు, ఎంపీ4 ఫైలుగా మీ హార్డ్ డిస్క్‌లోకే ఇవ్వమనండి. రెండు క్యాసెట్లూ ఒకేసారి ఇవ్వకండి, ఒకటి తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చూశాకే రెండోది ఇవ్వండి. పాత క్యాసెట్ మాత్రం పారేయొద్దు.

ప్రశ్న: మా వారు పోయి పధ్నాలుగు నెలలైంది. సంవత్సరీకాలు కూడా అయ్యాయి. ఆయన ఫోన్ డ్రాయర్‌లో ఉంది, ఛార్జింగ్ పెట్టి మళ్ళీ ఆపేస్తుంటాను, తెరిచి చూడలేను. మా అబ్బాయి ఫొటోలన్నీ తీసి ఆల్బమ్ చేస్తానంటున్నాడు. నాకు ఇంకా ధైర్యం రావట్లేదు. అలా వదిలేస్తే పోతాయా? (అనంతపురం)

జవాబు: అమ్మా, చూడటానికీ దాచడానికీ ముడిపెట్టకండి. చూడటానికి మీకు ఎంత కాలం కావాలో అంత తీసుకోండి, ఎవరూ తొందరపెట్టకూడదు. దాచడం మాత్రం ఆగదు, దానికి గడువులున్నాయి.

ఆయన సిమ్‌కి రీఛార్జి ఆపకండి. ఆగితే కొన్నాళ్ళకి నంబరు పోతుంది, ఆ తర్వాత ఓటీపీలు మీకు రావు, ఆయన ఖాతాలు తెరవడం చాలా కష్టమవుతుంది. గూగుల్ ఖాతాని రెండేళ్ళపాటు ఎవరూ వాడకపోతే అందులో ఉన్నవన్నీ తీసేసే నియమం వాళ్ళకి ఉంది. మీకు పధ్నాలుగు నెలలు అయ్యాయి కాబట్టి ఈ నెలలోనే మీ అబ్బాయిని ఆ ఖాతాలోకి ఒకసారి వెళ్ళమనండి. ఫోన్‌లో ఉన్నవన్నీ, ఏదీ తెరవకుండా, ఏదీ ఎంచకుండా, మొత్తం రెండు డిస్క్‌లలోకి కాపీ చేయమనండి. ఒకటి తన దగ్గర, ఒకటి మీ బీరువాలో. ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండక్కర్లేదు.

ఫొటోలతో పాటు వాట్సాప్‌లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు తప్పకుండా తీయమని చెప్పండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి వాయిస్ నోట్స్ అనే ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. చాలామంది ఫొటోలు తీసుకుని ఫోన్ మార్చేస్తారు, గొంతు అక్కడే ఉండిపోతుంది. మీ ఫోన్‌లోనూ, మీ అమ్మాయి ఫోన్‌లోనూ ఆయన పంపినవి ఉంటాయి, అవి కూడా. కూరగాయలు తెస్తున్నా, ఇంకేమైనా కావాలా అన్నది కూడా దాచండి.

ఆల్బమ్ సంగతి మీ అబ్బాయికి ఇలా చెప్పండి: చేయి నాన్నా, కానీ నేను అడిగేదాకా నాకు చూపించకు. చేసుకోవడం బహుశా అతనికి అవసరం. మీరు ఎప్పుడో ఒకరోజు, ఆయన తిథి నాడో, ఏ కారణమూ లేని ఒక మధ్యాహ్నమో, అడుగుతారు. అప్పుడు కూడా మొదటి నుంచి చూడక్కర్లేదు, మీకిష్టమైన ఒక్క పేజీ తీయమనండి. ఆ పేజీలో ఆయన పక్కన ఎవరున్నారో, ఎక్కడ తీశారో మీ నోటితో చెబితే పిల్లాడు రాసుకుంటాడు. హాల్లో దండ వేసిన ఫొటో పాస్‌పోర్ట్ ఫొటోని పెద్దది చేసిందే అయితే, ఆ రోజు హడావుడిలో దొరికింది అదే అయి ఉంటుంది. మార్చాలనిపిస్తే మార్చుకోవచ్చు, ఆయన నవ్వుతున్నది ఒకటి ఆ ఫోన్‌లో తప్పకుండా ఉంటుంది.